అత్త పెట్టిన జుకినీ పాదు

ఆ వేసవిలో మా పెరటి నిండా జుకినీలే, కీరదోసలా ఉండే పచ్చటి సీమకాయలు. గేటు తీసుకుని లోపలికి అడుగుపెట్టినవాళ్ళెవరైనా సరే, చేతిలో రెండు కాయలు లేకుండా బయటపడే వీల్లేదు. మొదట్లో వీధిలోవాళ్ళు సంతోషంగా పుచ్చుకున్నారు. తర్వాత మొహమాటానికి పుచ్చుకున్నారు. ఆ తర్వాత మా అత్త సంచీ పట్టుకుని బయల్దేరడం కనిపిస్తే చాలు, తలుపులు దగ్గరికి వేసుకునేవాళ్ళు. ఎదురింటి మెకానిక్ అయితే బాగుచేస్తున్న కారు కిందికి దూరిపోయి, అత్త చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగేదాకా పైకి వచ్చేవాడు కాదు. మేం అవన్నీ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు కూరగాయల కొట్లో ఆ కాయ కనపడితే నేను అటువైపు వెళ్ళను.

అత్త అంటే మా నాన్నకి అక్క. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. లైబ్రరీలో పాత పుస్తకాలకి అట్టలు వేసే పని చేసి రిటైరైంది. చలికాలంలో మామయ్య పోయాడు. వాళ్ళున్న ఇల్లు ఆయన కంపెనీది, ఖాళీ చెయ్యమన్నారు. నాన్న వెళ్ళి అక్కనీ, ఆవిడ ట్రంకు పెట్టెల్నీ వ్యానులో వేసుకుని మా ఇంటికి తీసుకొచ్చేశాడు.

తీసుకురావడం తేలికే, ఉంచడమే కష్టం. మా అమ్మకీ అత్తకీ పెళ్ళినాటినుంచీ ఉప్పూ నిప్పూ. ఎందుకు పడదో ఇద్దరికీ గుర్తులేదు. పడదన్న సంగతి మాత్రం ఇద్దరూ ఒక్కనాడూ మర్చిపోలేదు. అమ్మది ఉన్నమాట మొహమ్మీద అనేసే రకం. అత్తది అనకుండా ఊరుకుంటే నిద్రపట్టని రకం.

ఇక మా నాన్న. ఆయన బస్సు డిపోలో డ్రైవర్లకి డ్యూటీలు వేసేవాడు. ఒకడికి ఫలానా రూటు వేస్తే ఇంకొకడికి ఒళ్ళు మండుతుంది. అలాంటి సీట్లో కూర్చుని కూడా అందరిచేతా మంచివాడనిపించుకున్నాడు. డిపోలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ, ‘సర్దుబాటు’ అనేవాళ్ళు. ఆయన పద్ధతేమిటో మాకు ఇంట్లోనే తెలుసు. ఇటు మాట అటు చెప్పేవాడు, కాకపోతే దార్లో దాన్ని కడిగి, తుడిచి, కాస్త పంచదార జల్లి చెప్పేవాడు.

అత్త వచ్చిన రోజున బల్ల దగ్గర అందరం కూర్చున్నాక నాన్న అన్నాడు, “ఈ వేసవి చూద్దాం. వానలు పడేలోపు మీ ఇద్దరికీ కుదిరిందా, అక్క ఇక్కడే ఉంటుంది. కుదరలేదా, వేరే ఏర్పాటు చేస్తాను. ఎవరూ ఎవరి మీదా నిష్ఠూరం పెట్టుకోవద్దు.”

మాట తేలిగ్గానే అన్నాడు గానీ, అక్క తన ఇంట్లో ఉండటంకంటే ఆయన మరేదీ కోరుకోలేదని నాకు తెలుసు. అత్తకి వేరే ఏర్పాటంటూ పెద్దగా ఏమీ లేదు. తనతో బైండింగ్ షెడ్డులో పనిచేసిన ఒకావిడ ఊరి చివర ఒంటిగదిలో ఉంటోంది. అక్కడ ఇంకో మంచం పడుతుంది, అంతే.

వచ్చిన రెండోనాడే అత్త గునపం పట్టుకుని పెరట్లోకి దిగింది. చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కుతుందట. తవ్వడానికి ఆవిడకి దొరికిన జాగా సరిగ్గా అమ్మ బట్టలారేసే తీగల కింద. అమ్మ ఇంట్లో బడిపిల్లలకి యూనిఫాంలు కుట్టేది. తాను తెచ్చిన గుడ్డని ముందు నీళ్ళలో ముంచి, ఆరేసి, కుదించాకగానీ కత్తెర పెట్టేది కాదు. తెల్లగుడ్డ తానులు తానులుగా ఆ తీగల మీద ఆరేవి.

నర్సరీలో కొన్న గింజలు మొలిచి, చూస్తుండగానే గుబురెక్కాయి. జుకినీ పాకే పాదు కాదు, ఉన్నచోటే కూర్చుని చేటలంత ఆకులు వేస్తుంది. ఆ ఆకులకీ కాడలకీ సన్నటి నూగు, తగిలితే చెయ్యి దురదపెడుతుంది. గాలి వీస్తే తెల్లగుడ్డ వెళ్ళి వాటిమీద వాలేది. పచ్చటి మరకలు, మట్టి చారలు. అమ్మ మరక పడ్డ గుడ్డని అత్త మంచం మీద పరిచి వెళ్ళిపోయింది. అత్త దాన్ని మడతపెట్టి కుట్టుమిషను మీద పెట్టింది. తర్వాత ఇద్దరూ నోరు విప్పారు. ఏమనుకున్నారో రాస్తే బాగుండదు. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉందని కాదు. “చెప్పవే మీ అత్తకి, బకెట్టు నాకు కావాలని,” అనేది అమ్మ, అత్త పక్కనే ఉండగా. “బకెట్టు ఎవరూ ఎత్తుకుపోలేదని చెప్పు మీ అమ్మకి,” అనేది అత్త. నేను కళ్ళజోళ్ళ కొట్లో పనిచేసి సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా కోసం ఇలాంటివి బోలెడు కాచుకుని ఉండేవి.

నాన్న మాత్రం అలిసిపోలేదు. అమ్మ దగ్గర కూర్చుని, “అక్క అంటోంది, నీ అంత నీటుగా కాలరు కుట్టేవాళ్ళని తను చూడలేదట,” అనేవాడు. పెరట్లోకెళ్ళి, “మీ మరదలికి ఆ పసుప్పచ్చ పువ్వులు చూస్తే ప్రాణం లేచొచ్చిందట అక్కా,” అనేవాడు. అమ్మ మూతి తిప్పేది. అత్త, “దానికంత మంచిమాట వస్తుందిట్రా,” అనేది. కానీ మర్నాడు అమ్మ తీగల్ని తనే రెండడుగులు పక్కకి జరిపి కట్టించుకుంది. అత్త పాదుల చుట్టూ పాత దుప్పటి గుడ్డతో దడి కట్టింది. నాన్న నావైపు చూసి కన్నుగీటాడు.

మాటలు కలిపింది మాత్రం ఒక కాయ. ఇద్దరూ బిగదీసుకుని ఉన్న ఆ రోజుల్లో అత్త కోపంతో పెరటి మొహం సరిగ్గా చూడలేదు, అమ్మ ఎలాగూ చూడదు. జుకినీని జానెడు ఉండగానే కోసెయ్యాలి. ఒక్క రెండురోజులు ఏమరితే లావెక్కి కూర్చుంటుంది. ఒక ఆదివారం పొద్దున్న అమ్మ గాలికి ఎగిరిపడ్డ గుడ్డ తీసుకోవడానికి ఆకుల కింద చెయ్యిపెట్టి, “అమ్మో,” అని వెనక్కి గెంతింది. తర్వాత వంగి దాన్ని పైకి తీసింది. చంటిపిల్లంత ఉంది. దాన్ని రెండు చేతుల్లో పొదువుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరితో మాటల్లేవో మర్చిపోయి, “వదినా, ఇదిగో, మీ పెరట్లో పురుడొచ్చింది,” అంది.

అత్త చూసింది. నవ్వు ఆపుకోవాలని చాలా ప్రయత్నించింది. “ఆడపిల్లా మగపిల్లాడా?” అంది చివరికి. ఇద్దరూ నవ్వి నవ్వి గోడకి జారగిలబడిపోయారు. నాన్న చేతిలో గడ్డం గీసుకునే బ్రష్షుతో పరిగెత్తుకొచ్చి, సగం నురగ మొహంతో వాళ్ళని చూస్తూ అక్కడే కూర్చుండిపోయాడు. నేను ఆయన్ని అంత సంతోషంగా అంతకుముందూ చూడలేదు, తర్వాత చూడటానికి వ్యవధీ లేకపోయింది.

ఆ కాయ లోపలి దూది తీసేసి, ఉల్లిపాయలూ బియ్యమూ కూరి అమ్మ ఉడికించింది. ముదురు తొక్క, రుచీ పచీ లేదు. అయినా అందరం తిన్నాం.

అక్కడినుంచి ఇల్లు మారిపోయింది. అత్త పొద్దున్నే లేచి మగపువ్వు తుంచి, ఆడపువ్వుల్లో పుప్పొడి రాసేది. అమ్మ పళ్ళు తోముకుంటూ పక్కన నిలబడి, “ఈ వయసులో పెళ్ళిళ్ళ పేరమ్మ అయ్యారు,” అని ఆటపట్టించేది. కోసిన కాయల్ని అమ్మ రోజుకో రకంగా వండేది. చక్రాలుగా తరిగి వేయించేది. కోరి, పిండిలో కలిపి రొట్టెలు చేసేది. సూప్ చేసేది. మిగిలినవి ఎండబెట్టింది కూడా. అత్తకి కాళ్ళు నొప్పులంటే నూనె కాచి ఇచ్చేది. అమ్మ గుడ్డ ఆరేసిన రోజున అత్త దగ్గరుండి, గాలొస్తే అంచులు పట్టుకునేది.

ఒక్క చిక్కు వచ్చిపడింది, అప్పుడది చిక్కని ఎవరికీ తెలియలేదు. ఇద్దరూ మరీ మర్యాదస్తులైపోయారు. సంధి పాడవుతుందేమోనని భయం. “బాగుంది వదినా.” “నీ ఇష్టమమ్మా, నువ్వెలా అంటే అలా.” అమ్మ కూరలో ఉప్పు మర్చిపోతే అత్త ఒక్కమాట అనకుండా తింది. అత్త అమ్మ మంచి కత్తెరతో పాదుల కాడలు కోసేస్తే అమ్మ నవ్వి ఊరుకుని, నా గదిలోకొచ్చి దాన్ని గుడ్డతో తుడుచుకుంటూ కూర్చుంది. ఇదివరకైతే ఆ కత్తెర సంగతి వీధి చివరిదాకా వినిపించేది. నాన్న దీన్నంతా తన గెలుపనుకున్నాడు. నిజం చెప్పాలంటే మేమందరం అలాగే అనుకున్నాం.

వేసవి చివర్లో నర్సరీ పాదులు వాడిపోవడం మొదలుపెట్టాయి. ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లమచ్చలు. కానీ గోడ పక్కన ఒక్క పాదు మాత్రం అప్పుడే పుంజుకుంది. అది అత్త ఆలస్యంగా పెట్టింది. దాని గింజలు ఆవిడ పాత ఇంటి పెరట్లోవి. మామయ్య పోయేముందు ఏడాది కాసిన కాయల్లోంచి ఎంచి దాచినవి, అత్త చేతిరుమాల్లో ముడేసి తెచ్చుకుంది. ఆ ఇంటినుంచి ప్రాణమున్నది తెచ్చుకున్నానంటే ఇదొక్కటే అనేది. దానికి ఆవిడ నీళ్ళు పోసే తీరే వేరు. మొదటి కాయలు నిగనిగలాడుతూ, చూడముచ్చటగా వచ్చాయి.

అవి కోసిన రోజు పొద్దున్నే అమ్మ అత్త గదిలోకి వెళ్ళి, కిటికీకి తను కుట్టిన కొత్త తెర కట్టింది. “వానలొచ్చేదాకా ఎందుకు వదినా, ఈ గది మీదే,” అంది. అత్త కాయలు నాలుగూ చీర కొంగులో పట్టుకొచ్చి అమ్మ ముందు పెట్టింది. “ఇవి మీ అన్నయ్యగారి పెరటివి. నీ చేత్తో వండు,” అంది.

అమ్మ వాటిని పలచగా తరిగి, ఉల్లిపాయలూ వెల్లుల్లీ వేసి వేయించి, పైన గుడ్లు కొట్టి పోసింది. అమ్మ వండేటప్పుడు రుచి చూడదు. చూడాల్సి రావడం చేతకానితనమని ఆవిడ అభిప్రాయం.

మధ్యాహ్నం నలుగురం బల్ల దగ్గర కూర్చున్నాం. ఆ వారమే నాకు దవడ పన్ను పీకారు, వేసుకుంటున్న మాత్రలకి మంచినీళ్ళు కూడా చేదుగా ఉన్నాయి. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, “చేదుగా ఉంది,” అన్నాను.

“నీ మాత్రలే తల్లీ,” అన్నాడు నాన్న. నాకూ అదే నిజమనిపించింది. పాలు తెచ్చుకుని తాగాను.

అమ్మ తల ఎత్తలేదు. అత్త గ్లాసెత్తి నీళ్ళు తాగింది. ఇద్దరూ మెల్లగా తింటున్నారు, చిన్న చిన్న ముద్దలు చేసి, ఎక్కువసేపు నమిలి. నాన్న ఒకసారి అక్క వైపు చూశాడు, ఒకసారి అమ్మ వైపు చూశాడు. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. “బాగుంది,” అన్నాడు. “బాగా కుదిరింది,” అంది అత్త. “కాయలు మంచివి కదా,” అంది అమ్మ. అమ్మ నాలుగు ముద్దలతో ఆకలి లేదని లేచింది. అత్త కూడా ఎండకి తిండి సయించట్లేదంది. గిన్నెలో సగం పైగా మిగిలిపోయింది. మొదటిసారి తన గదిలో తెర కట్టించుకున్న అక్క తెచ్చిన కాయలు, పెళ్ళాం మనసుపెట్టి వండిన కూర, అలా మిగిలిపోయి ఉండటం ఆయన చూడలేకపోయాడు. గిన్నె దగ్గరికి లాక్కుని, రొట్టెతో తుడిచి మొత్తం తినేశాడు.

ఎండ తగ్గేసరికి ముగ్గురికీ వాంతులు. అమ్మా అత్తా గంటలో తేరుకున్నారు. నాన్న తేరుకోలేదు. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. ఎదురింటి మెకానిక్ చేతిలో పని పడేసి, తన కార్లోనే మమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

మర్నాడు డాక్టరుగారు మమ్మల్ని గది బయట నిలబెట్టి, ఏం తిన్నారు, గింజలు ఎక్కడివని అడిగారు. అత్త చెప్పింది. ఆ పెరటి పక్కన ఇంకేమైనా పాదులుండేవా అన్నారు. పక్కింటివాళ్ళ కంచె మీద రంగురంగుల అడవి గుమ్మడి ఉండేది, అందానికి పెంచేవాళ్ళు, తినేది కాదు, అంది అత్త. డాక్టరుగారు తలాడించారు. తేనెటీగలు దాని పుప్పొడిని దీనికి తెచ్చి ఉంటాయి, ఆ గింజతో వచ్చిన కాయల్లో ఒక్కోసారి విషం చేరుతుంది, ఉడికించినా పోదు, చూడటానికి తేడా ఏమీ తెలియదు, అన్నారు.

“కానీ నోట్లో పెట్టుకోగానే తెలుస్తుందమ్మా. భరించలేనంత చేదు. అంత చేదుగా ఉంటే ఎందుకు తిన్నారు?” అని అడిగారు.



అమ్మ లోపలికెళ్ళి ఆ మాటే నాన్నని అడిగింది. ఆయన గొంతు అప్పటికే బాగా నీరసించింది. “మీరిద్దరూ ఏమీ అనకుండా తింటున్నారు. మధ్యలో నేనెందుకు అనడం,” అన్నాడు. అని, ఆ మాటకి అమ్మ ఎక్కడ బాధపడుతుందోనని కాబోలు, “అంత చేదేం కాదులే,” అన్నాడు. ఆయన మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయి. ఆ వారం దాటలేదు.

వచ్చినవాళ్ళంతా వచ్చి వెళ్ళాక ఇంట్లో మేం ముగ్గురం మిగిలాం. అత్త గోడ పక్క పాదుని వేళ్ళతో సహా పెకలించి, ఎండిపోయేదాకా పెరట్లో పడేసి ఉంచింది. తర్వాత కాల్చేసింది. అమ్మ మిషను ముట్టుకోలేదు. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోకుండా గదులు మారుతుండేవాళ్ళు. ఒకరు ఏడుస్తుంటే రెండోవాళ్ళు నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. అమ్మ అత్తని ఒక్కమాట అనలేదు. అత్త ఆ మాట కోసమే కాచుకుని ఉందని నాకనిపించేది.

చినుకులు మొదలైన రోజున వంటింట్లో అత్తే అడిగింది.

“ఆ రోజు నీకు చేదు తెలిసిందా?”

“తెలిసింది,” అంది అమ్మ.

“మరి చెప్పలేదేం?”

“మీ కాయలు కదా. అన్నయ్యగారి పెరటివన్నారు. చేదంటే మీ మనసు కష్టపడుతుందని.” అమ్మ అత్త వైపు తిరిగి, “మీకు తెలియలేదా?” అంది.

“తెలిసింది. నువ్వేదో మాడ్చావనుకున్నాను. తెర కట్టిన పూటే వంకపెడితే ఏం బాగుంటుందని.”

గుమ్మంలో నిలబడి నేను వింటున్నాను. అదే వేసవి మొదట్లో అయితే అమ్మ మొదటి ముద్దకే, “ఇదేం కాయ వదినా, విషం,” అని ఉండేది. అత్త, “నీ వంటే విషం,” అని ఉండేది. కంచాలు ఎత్తిపోసేవాళ్ళు, మూడురోజులు మాటలుండేవి కావు, మా నాన్న బతికి ఉండేవాడు. ఆయన కష్టపడి నేర్పిన మంచితనం అది. ఎవరిమీద కోపగించుకోను.

అమ్మ అత్త చెయ్యి పట్టుకుంది. “ఇక్కడే ఉండండి వదినా. నేను మర్యాదకి అనట్లేదు. మీరు లేకపోతే నాకూ ఎవరూ లేరు.”

అత్త చాలాసేపు ఆ చేతిని అలాగే పట్టుకుని కూర్చుంది.

“ఉండలేనమ్మా,” అంది. “నువ్వు కంచంలో వడ్డించినప్పుడల్లా నాకు వాడు గిన్నె తుడుచుకు తినడమే కనిపిస్తోంది. ముద్ద దిగట్లేదు. నన్ను చూస్తే నీకూ అంతే. కాదను చూద్దాం.”

అమ్మ కాదనలేదు. “అవును వదినా, నాకూ అంతే,” అంది.

సంధి కుదిరాక వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు నిజం మాట్లాడుకున్నది ఆ పూటే. ఆ నిజంతో ఇంక చేసేదేమీ లేకపోయింది.

పెట్టెలు ఊరి చివర ఆ ఒంటిగదికి మెకానిక్ కార్లో ముందే పంపించేశాం. అత్త బస్సులో వెళ్తానంది, తమ్ముడు డ్యూటీలు వేసిన డిపో బస్సులో. అమ్మ గొడుగు పట్టుకుని స్టాపుదాకా వెళ్ళింది, నేను వెనకాల నడిచాను. బస్సు వచ్చింది. ఎవరూ కదల్లేదు, వెళ్ళిపోయింది. ఇంకో బస్సు వచ్చింది. డ్రైవరు మమ్మల్ని గుర్తుపట్టి, బ్రేకు వేసి కొంతసేపు ఆగాడు. అమ్మ అతనికి వెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేసింది. ఇద్దరూ ఒక్క గొడుగు కింద నిలబడ్డారు. వాన పెద్దదైంది. ఆ తర్వాత వచ్చిన బస్సుకి అత్త ఎక్కింది.